వెంచూరి వాళ్ళ అమ్మ ఇల్లు: ఫిలడెల్ఫియాలో, ఆ చుట్టుపక్కల ఐదు రోజులు

మొదటి రోజు: ఎడిసన్ నుంచి ప్రిన్స్‌టన్

నేను రాజమండ్రిలో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నప్పుడు చరిత్ర క్లాసులో మా మాస్టారు ఒక స్లయిడ్ వేశారు. ఏటవాలు కప్పు, మధ్యలో గుమ్మం, పైన పొగగొట్టం. చిన్నపిల్లలు పలక మీద గీసే ఇల్లులాగే ఉంది. ఇది 20వ శతాబ్దంలో చాలా ముఖ్యమైన ఇళ్ళలో ఒకటనీ, అమెరికన్ ఆర్కిటెక్టు రాబర్ట్ వెంచూరి దీన్ని వాళ్ళ అమ్మ కోసం కట్టాడనీ చెప్పారు. ఆ రోజు నాకు అందులో ఏమీ కనిపించలేదు.

పోయినేడు నాన్న పోయారు. అమ్మకు డెబ్బై ఎనిమిది. కడియం దగ్గర మా పాత ఇంటికి వీధి వైపు ఆరు మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులతో అమ్మ అవి ఎక్కలేకపోతోంది. అదే స్థలంలో ఆమెకు చిన్న ఇల్లు కట్టాలి. ఎన్నో ఇళ్ళకు ప్లాన్ గీసినదాన్ని, అమ్మ ఇంటికి వచ్చేసరికి చెయ్యి కదలలేదు. అప్పుడే ఆ స్లయిడ్ గుర్తొచ్చింది. వెంచూరికి కూడా అంతే, 1959లో తండ్రి పోయాక తల్లి కోసం ఇల్లు గీయడం మొదలుపెట్టాడు. మా అక్క కూతురు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం చేస్తోంది. "రా పిన్నీ, అన్నీ చూసి వెళుదువుగాని" అంది. అక్టోబరులో బయల్దేరాను.

ఎడిసన్ స్టేషన్‌లో రైలెక్కి ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగాం. అక్కడి నుంచి యూనివర్సిటీ దాకా ఒక బుల్లి రైలు, ఐదు నిమిషాల ప్రయాణం. అందరూ దాన్ని డింకీ అంటారు. వెంచూరి చదివింది ఇక్కడే. 1947లో డిగ్రీ, 1950లో మాస్టర్స్. ఫిలడెల్ఫియా సౌత్ స్ట్రీట్‌లో పళ్ళు, కూరగాయల వ్యాపారం చేసే ఇటాలియన్ కుటుంబం వాళ్ళది.

ముప్పై ఏళ్ళ తర్వాత ఇదే క్యాంపస్‌లో ఆయన సంస్థ గోర్డన్ వూ హాల్ కట్టింది. 1983లో పూర్తయింది. పొడవుగా, సన్నగా ఉన్న ఇటుక భవనం. గుమ్మం పైన బూడిదరంగు గ్రానైటు, తెల్ల పాలరాయి కలిపి వృత్తాలూ త్రికోణాలతో పెద్ద ముగ్గులా పరిచారు. లోపల మెట్లు కింది వరుసల దగ్గర ఒక పక్కకు వెడల్పుగా విచ్చుకుని కూర్చునే అరుగులవుతాయి. మేం అద్దంలోంచే చూశాం. ఇద్దరు పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఆ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మనుషులు మెట్ల మీద కూర్చుంటారని తెలిసి గీసిన మెట్లు అవి. మా ఊళ్ళో వీధి అరుగులు కూడా అలాంటి తెలివితోనే పుట్టాయి, ఇప్పుడు కార్ పార్కింగ్ కోసం అన్నీ కొట్టేస్తున్నాం.

రెండో రోజు: లేని ఇల్లు

పొద్దున్నే అక్క కూతురు పులిహోర కట్టి ఇచ్చింది. ట్రెంటన్‌లో రైలు మారి ఫిలడెల్ఫియా చేరాను. హోటల్లో సామాను పడేసి నేరుగా మార్కెట్ స్ట్రీట్‌కు వెళ్ళాను. పాత ఇటుక ఇళ్ళ వరుసలో ఒక కమాను ఉంది. దాని కింద నుంచి లోపలికి వెళితే ఫ్రాంక్లిన్ కోర్ట్. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇల్లు ఉన్న చోటు.

ఇల్లు లేదు. 1812లోనే పడగొట్టేశారు. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్ళు నిండుతున్నాయని ఇక్కడ ఏదో ఒకటి కట్టాలనుకున్నారు. ఇంకొకరైతే పాత ఇంటి నకలు కట్టేవారు. కానీ ఆ ఇల్లు బయటికి ఎలా ఉండేదో చెప్పడానికి సరైన ఆధారాలు లేవు. వెంచూరి వాళ్ళు తెలియనిదాన్ని కల్పించలేదు. ఇల్లు ఉన్న చోట తెల్ల రంగు వేసిన ఉక్కు చట్రం నిలబెట్టారు. ఇంటి ఆకారం, కప్పు, పొగగొట్టాలు, అంతే. గోడల్లేవు. గాలిలో పెన్సిల్‌తో గీసిన గీతలా ఉంది. పక్కనే అచ్చాఫీసుకు ఇంకో చట్రం. నేలలో అక్కడక్కడా అద్దాలు పెట్టారు. వంగి చూస్తే అడుగున అసలు పునాది రాళ్ళు కనిపిస్తాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం నేల మీద రాళ్ళు. వాటి మీద ఫ్రాంక్లిన్, ఆయన భార్య డెబొరా రాసుకున్న ఉత్తరాల ముక్కలు చెక్కారు. 1763లో ఇల్లు మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆయన లండన్ వెళ్ళిపోయాడు. మిగిలిన పనంతా ఆమె చూసుకుంది. ఏ గదిలో ఏం పెట్టింది, ఏ పని ఎంతవరకు వచ్చింది, అన్నీ ఆమె రాస్తోంది. ఆయన అక్కడి నుంచి అడుగుతున్నాడు. పదేళ్ళ పైన గడిచింది. 1774 చివర్లో ఆమె చనిపోయింది. ఆయన తిరిగొచ్చింది 1775లో.

నాకు కోనసీమ గుర్తొచ్చింది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు, భార్య ఇక్కడ మేస్త్రీతో, ఇసుక లారీవాళ్ళతో, అప్పులిచ్చినవాళ్ళతో వేగుతూ స్లాబ్ వేయిస్తుంది. నా దగ్గరికి ప్లాన్ కోసం వచ్చేవాళ్ళలో అలాంటి ఆడవాళ్ళు చాలామంది. గుమ్మం పక్కన పాలరాతి పలక మీద మాత్రం భర్త పేరు చెక్కిస్తారు. ఫ్రాంక్లిన్ ఇల్లు అని పిలిచే చోట డెబొరా మాటలు అందరి కాళ్ళ కిందా కనబడేలా పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ రాళ్ళు చదవడానికే గంటన్నర పట్టింది. పులిహోర అక్కడే బెంచీ మీద తిన్నాను.

సాయంత్రం నడుచుకుంటూ దగ్గర్లోని వెల్‌కమ్ పార్క్ కూడా చూశాను. అది కూడా వెంచూరి వాళ్ళు 1982లో చేసిందే. ఈ నగరాన్ని స్థాపించిన విలియం పెన్ వేయించిన నగర పటాన్నే నేల మీద పరిచారు. ఫ్రాంక్లిన్ కోర్ట్ చూసిన కళ్ళకు అది పెద్దగా ఆనలేదు.

మూడో రోజు: స్ప్రింగ్ గార్డెన్ స్ట్రీట్, సౌత్ స్ట్రీట్

వెంచూరి కట్టిన గిల్డ్ హౌస్ ఎదురుగా రోడ్డుకు అవతలి పక్కన నిలబడ్డాను. ఆరంతస్తులు, ముదురు ఎరుపు ఇటుక. 1960ల మొదట్లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ సేవాసంస్థ ఒకటి వృద్ధుల కోసం కట్టించిన 91 అపార్ట్‌మెంట్లు. తెలియనివాళ్ళు తలెత్తి కూడా చూడరు. అదే ఆయన కోరుకున్నది. చుట్టుపక్కల పాత ఇళ్ళ ఇటుకలో కలిసిపోయేలా ఇటుక ఎంచాడు. మామూలు ఇళ్ళకు ఉండే మామూలు కిటికీలే పెట్టాడు, కాకపోతే కొన్ని కొంచెం పెద్దవి. గుమ్మం మధ్యలో లావుపాటి నల్ల గ్రానైటు స్తంభం ఒక్కటే. దాని పైన భవనం పేరు దుకాణం బోర్డులా పెద్ద అక్షరాల్లో. అన్నిటికన్నా పైన, అందరూ కలిసి కూర్చునే గదికి ఒక పెద్ద అర్ధవృత్తం కిటికీ.

ఈ భవనం విలువ తెలియాలంటే ఆ రోజులు తెలియాలి. అప్పటి పెద్ద ఆర్కిటెక్టుల్లో చాలామందికి గాజు, ఉక్కు, తెల్లని గోడ ఇష్టం. అలంకారం తప్పు, పాత రూపాలు తప్పు. తక్కువే ఎక్కువ అని వాళ్ళలో ఒకడైన మీస్ వాన్ డెర్ రోహ్ అంటే, తక్కువైతే విసుగు అని వెంచూరి రాశాడు. ఆ మాట ఉన్న పుస్తకాన్ని 1966లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం అచ్చు వేసింది. బతుకు చిక్కుముళ్ళతో ఉంటుంది, భవనం కూడా ఆ చిక్కుముళ్ళను దాచకుండా మోయాలన్నది ఆయన వాదన. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని పోస్ట్‌మోడర్న్, అంటే ఆధునికత తర్వాతిది అన్నారు. ఆ ముద్ర ఆయనకు నచ్చలేదు, తాను ఎప్పుడూ పోస్ట్‌మోడర్నిస్టును కానని గట్టిగా చెప్పాడు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. మొదట్లో ఈ భవనం నెత్తి మీద బంగారు రంగు టీవీ యాంటెన్నా ఒకటి పెట్టారు. ఏ టీవీకీ కలిపింది కాదు. ముసలివాళ్ళు టీవీ చూస్తారన్నదానికి గుర్తుగా పెట్టిన బొమ్మ. ఆయన ప్రేమతోనే పెట్టి ఉండొచ్చు. కానీ అందులో బతికేవాళ్ళకు నెత్తి మీద అలాంటి గుర్తు ఉండటం ఎలా అనిపించిందో! తర్వాత దాన్ని తీసేశారు. తీసేయడమే మంచిదైంది.

అక్కడున్నంతసేపూ కిటికీలే చూశాను. వీలైనన్ని ఇళ్ళకు దక్షిణం ఎండ తగిలేలా, వీధి కనిపించేలా భవనం ముందు భాగాన్ని మెట్లుమెట్లుగా వెనక్కి జరిపాడు. రెండో అంతస్తులో ఒకావిడ కర్టెన్ పక్కకు లాగి, కుర్చీలో కూర్చుని రోడ్డు మీదికి చూస్తోంది. నలభై నిమిషాల తర్వాత కూడా అలాగే చూస్తోంది. మా అమ్మ కూడా అంతే. మధ్యాహ్నం నాలుగైతే చాలు, వీధి వైపు కుర్చీ వేసుకోవాలి. నేను గీసిన మూడు ప్లాన్లలోనూ వీధి వైపు హాలు పెట్టాను, వంటిల్లు వెనక్కి నెట్టాను. అమ్మ రోజంతా ఉండేదేమో వంటింట్లో.

రీడింగ్ టెర్మినల్ మార్కెట్లో ఏదో తిని సౌత్ స్ట్రీట్‌కు నడిచాను. ఇది వెంచూరి భార్య, పనిలో భాగస్వామి అయిన డెనిస్ స్కాట్ బ్రౌన్ వీధి అని నేనంటాను. వెంచూరి గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు రెండో పేరుగా వస్తుంది, అది సరికాదు. ఇప్పటి జాంబియాలో 1931లో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, లండన్‌లో చదివి, పెన్సిల్వేనియా యూనివర్సిటీకి నగర ప్రణాళిక చదవడానికి వచ్చింది. 1959లో మొదటి భర్త కారు ప్రమాదంలో పోయాడు. చదువు ఆపలేదు, అక్కడే పాఠాలు చెప్పింది. 1967లో వెంచూరిని పెళ్ళి చేసుకుంది.

1960లలో ఈ సౌత్ స్ట్రీట్ వెంబడి ఎక్స్‌ప్రెస్‌వే వేయాలనుకున్నారు. ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు బతికే పేటలు దాని కింద పోతాయి. అక్కడివాళ్ళు సాయమడిగితే 1968లో డెనిస్ జీతం లేకుండా వాళ్ళ పక్షాన ప్లానర్‌గా పనిచేసింది. వీధిలో ఏముందో, ఎవరున్నారో, ఏ కొట్టు దేనికి ఆధారమో లెక్క తీసి చూపించారు. జనం ఏళ్ళ తరబడి పోరాడారు. ఎక్స్‌ప్రెస్‌వే రాలేదు. నేను నడిచింది ఆ రాని రోడ్డు మీద. మంగలి షాపులు, టాటూ షాపులు, పిజ్జా కొట్లు, ఒక చర్చి. వెంచూరి తండ్రి పళ్ళ దుకాణం కూడా ఈ వీధిలోనే ఉండేది.

అదే ఏడాది చివర్లో వాళ్ళిద్దరూ స్టీవెన్ ఐజెనార్‌తో కలిసి యేల్ యూనివర్సిటీ విద్యార్థుల్ని లాస్ వేగాస్ తీసుకెళ్ళారు. పెద్దలు చీదరించుకునే నియాన్ బోర్డుల్ని, పార్కింగ్ స్థలాల్ని కొలతలు తీసి, ఫోటోలు తీసి చదివారు. వెంచూరిని మొదట వేగాస్‌కు పిలిచింది డెనిసే. నచ్చిందా లేదా అన్నది తర్వాత, ముందు చూడు అన్నది ఆమె పద్ధతి. మా మెయిన్ రోడ్డు ఫ్లెక్సీలనూ, చీరల షాపుల బోర్డులనూ చూసి నేను ఎప్పుడూ ముఖం తిప్పుకునేదాన్ని. ఇక ఒకసారి టేపు పట్టుకుని వెళ్ళాలి.

నాలుగో రోజు: అమ్మ ఇల్లు

చెస్ట్‌నట్ హిల్‌కు రెండు రైలు మార్గాలున్నాయి, ఈస్ట్ ఒకటి, వెస్ట్ ఒకటి. తొందరలో ఈస్ట్ రైలెక్కాను. చివరి స్టేషన్‌లో దిగాక తెలిసింది. పెద్ద దూరం కాదు, నడవాలి. సన్నగా వాన మొదలైంది. రోడ్డుకు రెండు వైపులా బూడిదరంగు రాతి ఇళ్ళు, పెద్ద చెట్లు, తడిసిన పసుపు ఆకులు. టెన్షన్‌గా ఉంది. ఇరవై ఐదేళ్ళుగా ఫోటోలో చూసింది ఎదురుగా చిన్నబోతే?

మిల్మన్ స్ట్రీట్‌లో రోడ్డు నుంచి కొంచెం లోపలికి, సన్నని దారి చివర ఉంది. లేత ఆకుపచ్చ. మొదట బూడిదరంగులో ఉండేది, తర్వాత పచ్చ రంగు వేశారు. ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు కాబట్టి పేవ్‌మెంట్ దాటి ముందుకు వెళ్ళలేదు. గొడుగు కింద నిలబడి చూశాను.

ముందు గోడ పెద్దది. కప్పు కన్నా పైకి లేచి, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా వచ్చి, సరిగ్గా కలవాల్సిన చోట చీలిపోయి ఉంది. ఆ చీలికలోంచి వెనక ఉన్న పొగగొట్టం గోడ కనిపిస్తుంది. గుమ్మం పైన సిమెంటు దూలం, దాని మీద సన్నని కమాను గీత, అది కూడా మధ్యలో తెగింది. కమాను దేన్నీ మోయడం లేదు, ఇక్కడ గుమ్మం ఉందని చెబుతోంది, అంతే. ఇంత పెద్ద గుమ్మం చోటు చూపించి, తలుపు మాత్రం మధ్యలో పెట్టలేదు. లోపలికి వెళ్ళి పక్కకు తిరగాలి. మా వాస్తు సిద్ధాంతిగారు చూస్తే ఏమంటారో అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చి పోయింది.

కిటికీలు చూసి అటూ ఇటూ సమానంగా లేవనుకున్నాను. ఎడమ పక్క ఒక పెద్ద చదరం, దాని పక్కన చిన్న చదరం. కుడి పక్క అడ్డంగా పొడుగాటి కిటికీ. తర్వాత గళ్ళు లెక్కపెట్టాను. పెద్ద చదరంలో నాలుగు, చిన్నది ఒకటి. ఐదు. కుడివైపు వరుసగా ఐదు. రెండు పక్కలా ఐదేసి గళ్ళు. లోపల పడకగదికి పడకగదిలాంటి కిటికీ కావాలి, వంటింటికి గట్టు పొడుగునా వెలుతురు కావాలి. దేని అవసరం దానికి తీర్చి, బయటికి లెక్క సరిపెట్టాడు. వానలో నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాను. ఈ సంగతి ఎక్కడో చదివే ఉంటాను, కానీ అక్కడ నా వేలితో నేను లెక్కపెట్టుకుంటే గానీ ఒంటికి పట్టలేదు.

ఆ పొడుగు కిటికీ వంటింటిది. వీధి వైపుకి.

మా ఊళ్ళో జనం వచ్చి "ఎలివేషన్ బాగా రావాలండీ" అంటారు. లోపల గదులు ఇరుకైనా ఫర్వాలేదు, ముందుకు మాత్రం బంగళాలా కనిపించాలి. కాలేజీలో అది మోసమని నేర్పారు. లోపలిదే బయటికి కనిపించాలని. నేనూ అలాగే నమ్మి ఎంతోమందికి క్లాసు పీకాను. ఈ ఇంటి ముందు గోడ కూడా వెనకున్న ఇంటి కన్నా పెద్దదే. ఐదు గదుల ఇల్లు అది. కానీ ఆ గోడ అబద్ధం చెప్పదు. మధ్యలో చీలి, నేను గోడను మాత్రమే, ఇల్లు నా వెనకుంది అని చూపిస్తోంది. ఇల్లు చిన్నదైనా వీధిలో దానికొక ముఖం కావాలని కోరుకోవడంలో తప్పేముంది? మా వీధుల్లో వాళ్ళు అడిగింది కూడా అదే. నేను సరిగ్గా వినలేదు.

లోపలి సంగతులు ప్లాన్లలోంచి తెలిసినవే. వాన్నా వెంచూరికి అప్పటికి డెబ్బై దాటుతున్నాయి. ఆమెకు కావాల్సినవన్నీ కింది అంతస్తులోనే. కారు నడపదు కాబట్టి గ్యారేజీ లేదు. నడి ఇంట్లో పొయ్యి, మెట్లు రెండూ అదే చోటు కోసం పోటీపడి, ఒకదానికొకటి దారిచ్చుకుంటాయి. పొగగొట్టం అడ్డొచ్చిన చోట మెట్లు సన్నబడతాయి. కొడుకు గది పైన. ఆ గదిలోంచి ఇంకో చిన్న మెట్ల వరుస గోడ దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఎక్కడికీ పోని మెట్లని అందరూ చెప్పుకునేది దాన్నే. పై కిటికీ తుడుచుకోవడానికి నిచ్చెనలా పనికొస్తుందని ఆయన చెప్పాడు. 1964లో ఆమె ఇందులోకి వచ్చింది, 1973 దాకా ఉంది. డెనిస్, వెంచూరి పెళ్ళయిన కొత్తలో కొన్నాళ్ళు ఇక్కడే ఉన్నారు. 2005లో అమెరికా తపాలాశాఖ ఈ ఇంటి బొమ్మతో స్టాంపు వేసింది.

తిరిగి వెళుతూ పాస్టోరియస్ పార్క్ దగ్గర లూయీ కాన్ కట్టిన ఎషెరిక్ హౌస్ కూడా చూశాను. మన అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన కానే. వెంచూరి ఆయన దగ్గర పనిచేశాడు. రెండు ఇళ్ళ మధ్య కొన్ని నిమిషాల నడక. కాన్ ఇల్లు గంభీరంగా, గుడిలా ఉంది. దండం పెట్టుకోవాలనిపించింది. అమ్మను ఉంచాలని మాత్రం అనిపించలేదు.

ఐదో రోజు: ఎర్ర లైబ్రరీ

పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ ఆర్కైవ్స్‌కు ముందే ఈ-మెయిల్ రాసి సమయం తీసుకున్నాను. వెంచూరి, డెనిస్‌ల కాగితాలన్నీ ఇక్కడే ఉన్నాయి. పెన్నులు పక్కన పెట్టించి, పెన్సిల్ ఇచ్చి, బల్ల ముందు కూర్చోబెట్టారు. అమ్మ ఇంటి కోసం ఆయన గీసి పక్కన పెట్టినవి ఒకదాని తర్వాత ఒకటి చూశాను. ఏళ్ళ తరబడి, మళ్ళీ మళ్ళీ గీశాడు. మొదటివాటిలో కాన్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది, బరువైన గోడలు, పెద్ద పొగగొట్టాలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్కటి వదిలేసుకుంటూ వచ్చి చివరికి ఆ పిల్లల బొమ్మ దగ్గర ఆగాడు. నేను మూడు ప్లాన్లకే ఆగిపోయాను.

ఆర్కైవ్స్ ఉన్న భవనం కూడా వాళ్ళ కథలో భాగమే. ఫ్రాంక్ ఫర్నెస్ కట్టిన లైబ్రరీ, 1891 నాటిది. ఎర్ర ఇటుక, ఎర్ర రాయి, కోటలా చర్చిలా రైల్వే స్టేషన్‌లా అన్నీ కలిపి ఉంటుంది. 1960లో దీన్ని పడగొట్టాలన్న మాట వస్తే, అధ్యాపకుల సమావేశంలో డెనిస్ లేచి వద్దని వాదించింది. సమావేశం అయ్యాక ఒక యువ అధ్యాపకుడు వచ్చి, మీరన్న ప్రతిదీ నాకూ ఒప్పుదలే అన్నాడు. మరి లోపల ఎందుకు నోరు విప్పలేదని ఆమె అడిగింది. అతనే వెంచూరి. వాళ్ళ పరిచయం అలా మొదలైందని ఆమె చాలాసార్లు చెప్పింది. పాతికేళ్ళ తర్వాత ఇదే లైబ్రరీని బాగుచేసే పని వాళ్ళ సంస్థకే వచ్చింది.

సంస్థ పేరు కూడా గమనించాలి. ఆమె 1969 నుంచి భాగస్వామి. ఫ్రాంక్లిన్ కోర్ట్ కట్టినప్పుడు బోర్డు మీద ఉన్నది వెంచూరి, ఆయన భాగస్వామి రాచ్ పేర్లు. ఆమె పేరు 1980లో చేరింది. 1991లో, ఆర్కిటెక్చర్‌లో నోబెల్ లాంటి ప్రిట్జ్‌కర్ బహుమతి వెంచూరి ఒక్కడికే ఇచ్చారు. ఆమె ఆ సభకు వెళ్ళలేదు. 2013లో హార్వర్డ్ విద్యార్థినులు ఆ తప్పు సరిదిద్దమని పిటిషన్ పెడితే వేలమంది సంతకాలు చేశారు, వెంచూరి కూడా చేశాడు. కమిటీ ఒప్పుకోలేదు. చివరికి అమెరికన్ ఆర్కిటెక్టుల సంఘం 2016 గోల్డ్ మెడల్‌ను ఇద్దరికీ కలిపి ఇచ్చింది. వెంచూరి 2018 సెప్టెంబరులో పోయాడు, తొంభై మూడేళ్ళకు. ఇరవై రెండేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను, ఇప్పటికీ సైటుకు వెళితే "ఇంజినీరుగారు రాలేదా అమ్మా?" అని అడుగుతారు. అందుకని ఈ సంగతులు నాకు చరిత్ర పాఠంలా అనిపించవు.

పై అంతస్తులో చదువుకునే హాలులోకి వెళ్ళి కూర్చున్నాను. నాలుగంతస్తుల ఎత్తు, పైనుంచి వెలుతురు. ట్రేసింగ్ పేపర్ తీసి నాలుగో ప్లాన్ గీశాను. వంటిల్లు వీధి వైపుకి తెచ్చాను. గట్టు పొడుగునా కిటికీ. గుమ్మం దగ్గర మెట్లకు బదులు వాలు. దాని పక్కన అరుగు, ఇద్దరు కూర్చునేంత.

సాయంత్రం స్టేషన్‌లో రైలు కోసం చూస్తూ అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారి మూడున్నర, అయినా మేలుకునే ఉంది.

"వంటిల్లు ముందుకి తెస్తున్నానమ్మా. కూర తరుగుతూ వీధి చూసుకోవచ్చు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కిటికీ మరీ ఎత్తులో పెట్టకు. నేను కూర్చుని తరుగుతాను" అంది.

రైలెక్కాక కాగితం మళ్ళీ తీసి, కిటికీ కింది గీతను అడుగున్నర దించాను.